హెబ్డెన్‌ని కూర్చోమన్నారు

చుట్టిన చాపని షెడ్డు గుమ్మం దాటించేసరికి హెబ్డెన్‌కి ఊపిరి అందలేదు. తలుపు చెక్కకి భుజం ఆనించి నిలబడ్డాడు. ఇదివరకు షెడ్డులోంచి మైదానం మధ్యదాకా ఒక్క బిగిన లాక్కుపోయేవాడు. జూలై నుంచి దారిలో ఒకచోట ఆగుతున్నాడు. ఇవాళ అప్పుడే రెండుసార్లు ఆగాడు, ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు. సెప్టెంబరు నెల, ఆదివారం, పొద్దున్న ఏడున్నర. ఆ వేళప్పుడు జెర్సీ సిటీ పార్కులో ఎవరుంటారు? కుక్కని తిప్పుతున్న ఒక ముసలావిడ తప్ప నరమానవుడు లేడు.

అది కొబ్బరి పీచు చాప. అరవై ఆరడుగుల పొడవు, చుడితే ఇద్దరు గట్టివాళ్ళు పట్టవలసిన బరువు. దాన్ని రెండు చక్రాల బండి మీదికి దొర్లించి, తాడు కట్టి లాక్కెళ్ళడం హెబ్డెన్ పద్ధతి. ఈ దేశపు పార్కుల్లో బేస్‌బాల్‌కి చోటుంటుంది గానీ క్రికెట్‌కి పిచ్ ఎవరు వేసి పెడతారు? అందుకని గడ్డి మీద ఈ చాప పరుచుకుని, దాని మీదే ఆడుకోవాలి. పరచడమంటే మంచం మీద దుప్పటి పరిచినట్టు కాదు. ముందు ఒక చివర మేకులన్నీ దిగ్గొట్టాలి. తర్వాత రెండో చివర గునపం వేసి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి లాగి, చాప డప్పులా బిగిశాక అక్కడ కొట్టాలి. ఆ పైన పక్కలు. ఎక్కడైనా వేలెడు ముడత మిగిలిందంటే, అక్కడ పడ్డ బంతి తిన్నగా బ్యాట్స్‌మన్ పళ్ళ మీదికే లేస్తుంది.

ఇంతకీ ఈ నార్మన్ హెబ్డెన్ ఎవరంటే, చెప్పుకోవడానికి పెద్ద కథేమీ లేదు. అరవై రెండేళ్ళ ఇంగ్లీషువాడు. పొడుగు మనిషి, ఇప్పుడు కొంచెం వంగాడు. ఏళ్ళ తరబడి బంతి విసిరిన కుడిభుజం ఎడమదానికంటే రెండంగుళాలు కిందికి జారింది. చూపుడు వేలి చివర బంతి కుట్టు ఒరుసుకుని కాయ కాచింది, పాతికేళ్ళయినా పోలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పన్నెండేళ్ళపాటు ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక కౌంటీ జట్టుకి జీతం మీద ఆడాడు. ఆ జట్టులో పేరు మోసిన ఫాస్ట్ బౌలర్ ఒకాయన ఉండేవాడు. గాలి వెనకనుంచి తోసే చివర ఆయనది. ఎదురుగాలి చివర ఎవరికీ అక్కర్లేదు కాబట్టి అది హెబ్డెన్‌ది. పన్నెండేళ్ళు ఎదురుగాలిలోకి పరిగెత్తాడు మానవుడు. ఒకసారి ఇంగ్లండ్ జట్టు నుంచి పన్నెండో మనిషిగా పిలుపొచ్చింది. అయిదు రోజులు ఆడేవాళ్ళకి మంచినీళ్ళ ట్రే మోసి ఇంటికొచ్చాడు. ఘనత అంతా అంతే.

తర్వాత భార్య డోరిస్ వాళ్ళక్క న్యూజెర్సీలో ఉంటే ఆవిడ దగ్గరికి ఇద్దరూ వచ్చేశారు. ఒక బడిలో బాయిలర్ చూసే పనిలో కుదిరి, అందులోనే రిటైరయ్యాడు. పిల్లల్లేరు. డోరిస్ పోయి నాలుగు చలికాలాలైంది.

ఏడేళ్ళ క్రితం ఇదే పార్కుకి అడ్డంపడి నడిచి వెళుతుంటే, కొంతమంది భారతీయులు చాప పరుస్తూ కనిపించారు. అందరూ ఆంధ్ర నుంచి వచ్చిన డాక్టర్లూ ఇంజనీర్లూ. బోలెడు చదువులు చదివారు గానీ మేకు కొట్టడం ఒక్కడికీ రాదు. ముందే నాలుగు మూలలూ కొట్టేశారు, చాప మధ్యలో కడుపుతో ఉన్నట్టు ఉబ్బింది. హెబ్డెన్ కాసేపు ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేక వెళ్ళి, ఒకాయన చేతిలోంచి చెక్కసుత్తి తీసుకున్నాడు. ఆ రోజు నుంచి సుత్తి అతనిదే. చాప పరచడం, గీతలు గీయడం, నెట్స్‌లో కుర్రాళ్ళకి బౌలింగ్ నేర్పడం, మ్యాచ్‌కి అంపైర్‌గా నిలబడటం, చాప చుట్టి షెడ్డుకి తాళం వేయడం, అన్నీ అతనే. ఆదివారానికి ఇంతని ఒక కవరు ఇచ్చేవారు. కవరు లేకపోయినా వచ్చేవాడు, కానీ ఉండటమే అతనికి ఇష్టం. తను పనివాడు, పని ఉన్నన్నాళ్ళు తనకి చోటు ఉంటుంది. ఈ లెక్క అతనికి పద్దెనిమిదో ఏటి నుంచి తెలుసు.

ఈ ఆదివారాలు లేకపోతే హెబ్డెన్‌కి వారంలో రోజులే లేవు. మిగిలిన ఆరు రోజులూ మూడో అంతస్తులో రెండు గదులు, ఒక రేడియో, ఒక కెటిల్. చలికాలమంతా ఏప్రిల్ కోసం కూర్చునేవాడు. ఇవాళ్టితో ఈ ఏడాది ఆటలు సరి. మళ్ళీ ఏప్రిల్లో రమ్మంటారా, అనరా? అదొక్కటే అతని బెంగ. అందుకే ఆయాసం సంగతి ఎవరి చెవినా వేయలేదు.

మొదటి మేకు మీద సుత్తి ఎత్తాడో లేదో, వెనక కారు తలుపు చప్పుడైంది. దామోదర్. వరంగల్ కుర్రాడు, మన్‌హటన్‌లో కంప్యూటర్ల ఉద్యోగం. తొమ్మిదికి రమ్మంటే పదింటికి కళ్ళు నులుముకుంటూ దిగే రకం. అలాంటివాడు ఎనిమిది కాకుండా వచ్చాడు.

"సర్, సర్, ఆగండి. ఇవాళ మీరు రిలాక్స్ అవ్వండి. మ్యాట్ నేను ఫిక్స్ చేస్తాను" అంటూ సుత్తి పట్టుకున్నాడు.

"నీకు రాదు" అన్నాడు హెబ్డెన్.

"నేర్పించండి, నేర్చుకుంటాను. జూన్‌లో మీ ఇంగ్లండ్‌ని సెమీఫైనల్లో ఓడించి ప్రపంచ కప్పు కొట్టినవాళ్ళం, మేకులు కొట్టలేమా?"

ఆ కప్పు గెలిచినప్పటి నుంచి అందరూ అతన్ని ఇలాగే ఆటపట్టిస్తున్నారు. రోజూ అయితే హెబ్డెన్ నవ్వేవాడు. ఇవాళ నవ్వు రాలేదు. ఏడేళ్ళలో ఎవరూ సుత్తి అడగలేదు. ఇవాళ ఎందుకు అడుగుతున్నట్టు?

ఎందుకో తొమ్మిదింటికి తెలిసింది. కెప్టెన్ అచ్యుతరావు స్టేషన్ వ్యాగన్ వచ్చి ఆగింది. ఆయన ఆసుపత్రిలో మత్తుమందు డాక్టరు, యాభై ఏళ్ళ నిదానం మనిషి. వెనక తలుపెత్తి ఒక కొత్త కుర్చీ దింపాడు. అల్యూమినియం గొట్టాలు, ఆకుపచ్చ పట్టీలు, ఇంకా ధర చీటీ కూడా చింపలేదు. దాన్ని బౌండరీ పక్కన మేపుల్ చెట్టు నీడలో వేసి, చేత్తో పట్టీలు దులిపి, హెబ్డెన్‌ని రెండు చేతులతో పిలిచాడు.

"రండి సర్. ఇది మీ కోసమే. కూర్చోండి."

హెబ్డెన్ ఒకడుగు వెనక్కి వేశాడు.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిది, ఇదే సెప్టెంబరు. ఆఖరి మ్యాచ్ అయ్యాక కౌంటీ సెక్రటరీ అతన్ని గదికి పిలిపించాడు. ఆ రోజుల్లో జీతానికి ఆడేవాళ్ళది ఒక గేటు, సరదాకి ఆడే దొరబిడ్డలది ఇంకో గేటు. కెప్టెన్‌గా ఎప్పుడూ దొరబిడ్డే ఉండేవాడు, తనకంటే పదేళ్ళు చిన్నవాడైనా అతన్ని సర్ అనాలి. సెక్రటరీ గదిలోకి పన్నెండేళ్ళలో పాతికసార్లు వెళ్ళి ఉంటాడు హెబ్డెన్. ప్రతిసారీ టోపీ చేత్తో పట్టుకుని తివాచీ అంచు మీద నిలబడి, చెప్పింది విని వచ్చేవాడు. ఆ రోజు మాత్రం సెక్రటరీ లేచి, ఒక కుర్చీ ముందుకి జరిపి, "కూర్చో, హెబ్డెన్" అన్నాడు. ఆ మాటతోనే అర్థమైపోయింది. తర్వాత ఆయన ఏవో మంచి మాటలే చెప్పాడు, సేవలన్నాడు, కృతజ్ఞత అన్నాడు. హెబ్డెన్ చెవికి ఒక్కటీ ఎక్కలేదు. ముప్పై ఏడేళ్ళ వయసులో కిట్ సంచీ భుజాన వేసుకుని, పక్క గేటులోంచి బయటికొచ్చి, బస్సు కోసం నిలబడ్డాడు.

"నిలబడటమే అలవాటు డాక్టర్" అన్నాడు ఇప్పుడు అచ్యుతరావుతో. "గీతలు గీయాలి."

"సరే, మీ ఇష్టం. కానీ మ్యాచ్ అయ్యాక వెళ్ళిపోకండి సర్. మీతో ఒక మాట చెప్పాలి. అందరం ఉండగానే."

అందరూ ఉండగానే. సెక్రటరీకి పాపం ఆ మాత్రం మర్యాద ఉంది, ఒంటరిగా పిలిచాడు.

ఇక ఆ రోజంతా హెబ్డెన్ కూర్చోలేదు. పంతం పట్టాడు. తన ఒంట్లో ఇంకా పని ఉందని వాళ్ళకి కనిపించాలి. సున్నం గీతలు మోకాళ్ళ మీద కూర్చుని కాక, నడుం వంచి గీశాడు. లేచేటప్పుడు కళ్ళు తిరిగితే స్టంపు పట్టుకుని, అది తిన్నగా ఉందో లేదో చూస్తున్నట్టు నటించాడు. తెల్లకోటు తొడుక్కుని, కుడిజేబులో ఆరు గులకరాళ్ళు వేసుకుని పదిన్నరకి వికెట్ల వెనక నిలబడ్డాడు. బంతికి ఒక రాయి చొప్పున కుడిజేబులోంచి ఎడమజేబులోకి పంపుతాడు. ఆరూ అటు చేరితే ఓవర్ అయినట్టు. అప్పుడు అన్నీ కలిపి మళ్ళీ కుడిజేబులోకి. ఆ రాళ్ళు వాళ్ళ ఊరి ఏట్లోవి.

ఎదటివాళ్ళు బ్రూక్లిన్ నుంచి వచ్చే గయానా జట్టు. మధ్యాహ్నానికి నూట నలభై ఆరు కొట్టి దిగారు. భోజనాల వేళ అందరూ గడ్డి మీద కూలబడ్డారు. స్కోరు రాసే ఆండాళ్ స్టీలు డబ్బాలు విప్పి, కాగితం పళ్ళేల్లో పులిహోర పెట్టింది. ఆండాళ్ వాళ్ళాయన నరసింహం జట్టుకి వికెట్ కీపర్. ఆయన ఎన్ని క్యాచులు వదిలాడో కూడా ఆవిడ పుస్తకంలో ఓ మూల రాసిపెడుతుంది. చుక్కలతో స్కోరు రాసే పద్ధతి హెబ్డెనే నేర్పాడు ఆవిడకి.

"మిస్టర్ హెబ్డెన్, కుర్చీ ఉంది కదా. నిలబడి తింటారేం?"

"బాగానే ఉంది మేడమ్."

"ఏం బాగు? మొహం సున్నంలా ఉంది."

"సున్నమే. పొద్దున్న గీతలు గీశాను."

ఆవిడ నవ్వలేదు. అతని పళ్ళెంకేసి చూసింది. పులిహోర పెట్టింది పెట్టినట్టే ఉంది. ప్రతివారం రెండోసారి అడిగి వేయించుకునే మనిషి. ఆవిడ ఇంకేదో అనబోతుంటే హెబ్డెన్ పళ్ళెం చెట్టు మొదట్లో పెట్టి, మేకులు చూసొస్తానని మైదానంలోకి వెళ్ళిపోయాడు. దామోదర్ కొట్టిన మేకులు మూడు పైకి లేచి ఉన్నాయి. హెబ్డెన్‌కి ఎక్కడలేని సంతోషం వేసింది. ఒక్కొక్కదాన్నీ కసిగా లోపలికి దించాడు.

ఆంధ్రావాళ్ళు బాగానే ఆడారు. ఎదటివాళ్ళకి తెలియకుండా "రా రా", "వద్దు, ఆగు" అని తెలుగులో అరుచుకుంటూ పరుగులు తీశారు. అచ్యుతరావు ఒక్కడే నలభై దాటాడు. ఇంకా ముప్పై కొడితే గెలుపు. అప్పుడు ఒక బంతి చాప మీద పడి, లోపలికి తిరిగి, ఆయన ప్యాడ్‌కి తగిలింది. గయానావాళ్ళంతా చేతులెత్తి అరిచారు.

హెబ్డెన్ చేతిలో నాలుగో రాయి ఉంది. బంతి తిన్నగా వికెట్ల మీదికే వెళుతోంది, అందులో సందేహం లేదు. అవతల ఉన్నది కెప్టెన్. ఇంకో రెండు గంటల్లో తన సంగతి తేల్చబోయేది ఆయనే. వేలు కిందికి ఉంచితే అడిగేవాడు లేడు. హెబ్డెన్ వేలెత్తాడు.

అచ్యుతరావు మారుమాట లేకుండా బ్యాటు చంకలో పెట్టుకుని నడిచాడు. పక్కనుంచి వెళుతూ, "కరెక్ట్ సర్" అన్నాడు. సరే, అయిపోయింది, అనుకున్నాడు హెబ్డెన్. ఎడమచేయి భుజం దగ్గర్నుంచి పీకుతోంది. ఆరో రాయి అటు పంపేటప్పుడు వేళ్ళకి స్పర్శ తెలియలేదు. తొమ్మిది పరుగుల తేడాతో ఓడిపోయారు.

గయానావాళ్ళు చేతులు కలిపి, కార్లెక్కి వెళ్ళిపోయారు. ఎండ చల్లబడింది. జట్టంతా మేపుల్ చెట్టు కింద గుమిగూడింది. హెబ్డెన్ కొంచెం దూరంలో, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

అచ్యుతరావు గొంతు సవరించుకున్నాడు. "సర్, ఏడేళ్ళుగా మీరు మా కోసం ఎంత కష్టపడ్డారో మాకు తెలుసు. ఈ మధ్య మీకు ఆయాసం వస్తోంది. మీరు చెప్పకపోయినా నేను డాక్టర్‌ని కదా. నెక్స్ట్ సీజన్ నుంచి మీరు మ్యాట్ ముట్టుకోవడానికి వీల్లేదు. సుత్తి పట్టుకోవడానికి వీల్లేదు. అంపైరింగ్ మేం చూసుకుంటాం. ఆ పనులన్నీ మేం వంతులు వేసుకున్నాం. ఇంక మీరు హాయిగా ఆ కుర్చీలో కూర్చోవాలి. రేపు మాత్రం మా హాస్పిటల్‌కి రావాలి, నేనే కార్ తీసుకొస్తాను."

అందరూ చప్పట్లు కొట్టారు. నరసింహం ఈల కూడా వేశాడు.

హెబ్డెన్ ఓపిగ్గా చప్పట్లు ఆగేదాకా ఉన్నాడు. తర్వాత ప్యాంటు జేబులోంచి షెడ్డు తాళంచెవి తీసి, రెండడుగులు ముందుకేసి, అచ్యుతరావు అరచేతిలో పెట్టాడు.

"థాంక్యూ సర్" అన్నాడు. ఏడేళ్ళుగా డాక్టర్ అని పిలిచే మనిషి, కౌంటీ రోజుల్లోలా మళ్ళీ సర్ అన్నాడు. "మేకులు డబ్బాలో యాభై రెండున్నాయి. గునపం పిడి కొంచెం వదులు, చూసుకోండి." టోపీ పెట్టుకుని గేటు వైపు నడిచాడు.

అచ్యుతరావు తాళంచెవిని తిప్పి చూశాడు. "ఇదేమిటి, ఇది నాకెందుకిచ్చారు?"

"ఔట్ ఇచ్చినందుకు ఫీలైండా ఏంది?" అన్నాడు దామోదర్.

ఆండాళ్ స్కోరు పుస్తకం గడ్డి మీద పడేసి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్ళి, చాప దగ్గర అతన్ని పట్టుకుంది. నడవలేక అక్కడ ఆగిపోయి ఉన్నాడు.

"ఎక్కడికి వెళుతున్నారు?"

"ఇంటికి మేడమ్. నన్ను పంపించేశారు కదా."

"ఎవరు పంపించారు?"

"ఇదేం కొత్త కాదు. ఈ మాట నాకు ఇదివరకు ఒకసారి చెప్పారు. అప్పుడూ కుర్చీ వేసే చెప్పారు." "నాకు కోపం లేదు. ముసలివాణ్ణయ్యాను. కానీ ఏప్రిల్లో నేనేం చేయాలి, మేడమ్? ఆదివారాలు నేనెక్కడికి వెళ్ళాలి?"

సెక్రటరీ గది, తివాచీ అంచు, కూర్చో హెబ్డెన్ అన్న మాట, అన్నీ నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆండాళ్ విన్నది. విన్నకొద్దీ ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాంతోపాటే ఒళ్ళు మండింది. వెనక్కి తిరిగి మొగుడి మీద, జట్టు మీద, మొత్తం మగజాతి మీద తెలుగులో అరిచింది.

"ఏమండీ! ఒక మంచి మాట చెప్పడం కూడా చేతకాదా మీకు? తనని పనిలోంచి తీసేశారని ఆయన అనుకుంటున్నారు! లేవండి అందరూ! ఎవరూ కూర్చోవడానికి వీల్లేదు, లేవండి!"

కూర్చున్నవాళ్ళు ఉలిక్కిపడి లేచారు. ఆవిడ హెబ్డెన్ చేయి పట్టుకుని, మెల్లగా చెట్టు దాకా నడిపించుకొచ్చింది.

"మా ఇళ్ళల్లో పనివాణ్ణి పొమ్మనడానికి కుర్చీ వేయరు, మిస్టర్ హెబ్డెన్. ఇంటికి పెద్దవాళ్ళకి వేస్తారు. వాళ్ళు కూర్చుంటే మిగిలినవాళ్ళు నిలబడి పనులు చేస్తారు. మీ చేత పని చేయించుకుంటున్నామని వీళ్ళు ఎన్నాళ్ళనుంచో సిగ్గుపడుతున్నారు. అది మీకు చెప్పడం రాలేదు ఈ మొద్దులకి. ఏప్రిల్లో మీరు రాకపోతే వీళ్ళు ఆడరు. చూడండి, ఒక్కరైనా కూర్చున్నారేమో చూడండి."

హెబ్డెన్ చూశాడు. డాక్టర్లు, ఇంజనీర్లు, పదకొండు మందీ చెమట చొక్కాలతో బడిపిల్లల్లా వరసగా నిలబడి ఉన్నారు. అచ్యుతరావు మొహం కందగడ్డ అయింది. ముందుకొచ్చి, తాళంచెవి మళ్ళీ హెబ్డెన్ చేతిలోనే పెట్టి, వేళ్ళు మూశాడు.

"తప్పు నాది సర్. ఇది మీ దగ్గరే ఉండాలి. మీరొచ్చి తీస్తేనే షెడ్డు తెరుస్తాం."

హెబ్డెన్ తాళంచెవి ప్యాంటు జేబులో వేసుకున్నాడు. అంపైర్ కోటు విప్పి, కుర్చీ వీపుకి తగిలించాడు. కుర్చీ చేతులు రెండూ పట్టుకుని మెల్లగా దిగి కూర్చున్నాడు. కొత్త పట్టీలు కిర్రుమన్నాయి.

"బాగానే ఉంది" అన్నాడు. అచ్యుతరావు పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, నాడి చూడబోయాడు. హెబ్డెన్ చేయి విడిపించుకుని, మైదానం వైపు చూపించాడు. "ముందు చాప. మంచు పడితే తడుస్తుంది. మీరూ వెళ్ళండి డాక్టర్, ఇద్దరి వల్ల కాదు."

అందరూ వెళ్ళారు. మేకులు పీకారు. దామోదర్ హుషారుగా తప్పు చివర నుంచి చుట్టడం మొదలుపెట్టాడు.

"అటు నుంచి కాదు!" కుర్చీలోంచి గొంతు వచ్చింది. "పల్లం వైపు నుంచి! పల్లం నుంచి మిట్టకి!"

"ఓకే సర్! అరె, ఇడువుండ్రి, అటు దిక్కు నుంచి గుంజాలంట." మళ్ళీ విప్పారు. మళ్ళీ చుట్టారు. సగం దాకా వచ్చేసరికి చుట్ట ఒక పక్కకి పోయింది. ఇప్పుడు తిట్లు పడతాయని దామోదర్ తల తిప్పకుండానే నవ్వుకున్నాడు. తిట్లు పడలేదు. బాగానే చుడుతున్నామన్నమాట, అనుకున్నాడు. ఆఖరికి తాడు చేత్తో పట్టుకుని లేచాడు.

"సర్, ముడి ఒకటా, రెండా?"

హెబ్డెన్ వాళ్ళకేసే చూస్తున్నాడు. టోపీ మోకాలి మీద ఉంది. దామోదర్ రెండోసారి అడిగాడు. అప్పుడు అచ్యుతరావు తాడు వదిలేసి పరిగెత్తాడు. గడ్డి మీద పడుకోబెట్టి, చాలాసేపు ఛాతీ మీద నొక్కాడు. నరసింహం వీధి చివర ఫోన్ దగ్గరికి వెళ్ళి వచ్చాడు. అంబులెన్స్ వాళ్ళు దిగి, డాక్టరు భుజం తట్టి, ఆయన్ని పక్కకి జరిపేదాకా ఆయన నొక్కుతూనే ఉన్నాడు. ఆండాళ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

అందరూ కార్లలో అంబులెన్స్ వెనకే వెళ్ళారు. దామోదర్, ఇంకొకతను ఆగి, చాపని బండెక్కించి షెడ్డులోకి తోశారు. తాడుకి రెండు ముళ్ళు వేశారు, ఒకటి చాలదేమోనని. తాళం వేద్దామంటే తాళంచెవి హెబ్డెన్ జేబులోనే వెళ్ళిపోయింది. తలుపు దగ్గరికి వేసి, బరువుకి ఒక రాయి దొర్లించి వెళ్ళారు.

కుర్చీ మడవాలని ఎవరికీ తోచలేదు. మేపుల్ చెట్టు కింద అది అలాగే తెరిచి ఉంది, వీపుకి తగిలించిన తెల్లకోటు కుడిజేబులోని ఆరు గులకరాళ్ళ బరువుకి కొంచెం ఆ పక్కకే జారి ఉంది.